అధ్యాపకుఁడు తన్నుఁ దా నెఱుఁగుట యెట్లు?

మీవా రేమి చేయుచున్నారని పేరంటములో నెవరైన నడిగినచో మనము తడుముకొనక చెప్పు ప్రత్యుత్తరము లున్నవి. కళాశాలలో లెక్చర రందుము. బడిలో నుపాధ్యాయు లందుము. ఏ శాస్త్రము చెప్పుదురో, ఏ యూరికి బదిలీ యైనదో కూడఁ జెప్పుదుము. అడిగినవారికిఁ దృప్తి, మనకును దృప్తి. కాని యా మనుష్యుఁడు తనలోఁ దాను నే నెవఁడ నని యెంచుకొనుచున్నాఁడో యది యా ప్రత్యుత్తరములో లేదు. నెలజీతము తెచ్చు నుద్యోగి ననుకొనుచున్నాఁడా? విద్య నొసఁగు గురువు ననుకొనుచున్నాఁడా? పరీక్షలవైపు పిల్లలను దోలు కాపరి ననుకొనుచున్నాఁడా? ఈ మూఁటిలో నేది యతని మనస్సున నుండునో దానినిబట్టియే మఱునాఁటి పాఠ ముండును. దానినిబట్టియే సాయంకాల మింటికి వచ్చిన యతని ముఖ ముండును. కావున నిది విద్యాశాఖవారి విచారము మాత్రమే కాదు, గృహిణుల విచారము కూడ. ఆఁడువారే యధ్యాపకులైన యిండ్లు నేఁడు మన జిల్లాలో ననేకము లుండుటచే నీ విచారము మనకు రెండింతలు.

అధ్యాపకులు చిత్రములు గీసి, కథలు చెప్పి, బొమ్మలు కట్టి, తమ వృత్తిలోఁ దమ స్వరూప మేదో తెలిసికొను పద్ధతులు ముప్పది నలువది యేండ్లుగా దేశాంతరములలోఁ బెరుగుచున్నవి. వానిలో మన కుపయోగించున దేదో యీ మాసము విచారింతము.

ముందుగా మాటలను జూడుఁడు. మనుస్మృతి రెండవ యధ్యాయమున నీ విభాగ మున్నది. శిష్యున కుపనయనము చేసి వేదమును గల్పరహస్యములతోఁ గూడ నేర్పువాఁ డాచార్యుఁడు. వేదములో నొక భాగమునో, వేదాంగములనో జీవనార్థము చెప్పువాఁ డుపాధ్యాయుఁడు. నిషేకాది కర్మములు జరిపి యన్నము పెట్టి పెంచువాఁడు గురువు. పదుగు రుపాధ్యాయులకంటె నాచార్యుఁడును, నూఱుగు రాచార్యులకంటెఁ దండ్రియు, వేయిమంది తండ్రులకంటెఁ దల్లియు గౌరవమున నధికు లని యా స్మృతియే చెప్పుచున్నది. కడపటి మాట మన చెవుల కింపుగా నుండుట నిజమే. కాని నేఁటి ప్రస్తావనకుఁ గావలసినది మొదటి భేదము. జీతము తీసికొని యొక భాగమును బోధించువాఁ డుపాధ్యాయుఁడు. ఆ లెక్కను జూచినచో నేఁటి కళాశాలలలోని వా రందఱు నుపాధ్యాయులే. అట్లుండియు సర్వేపల్లి రాధాకృష్ణపండితుని జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదిని, 1962వ సంవత్సరమునుండి జరుగుచున్న యుత్సవమున, వారిని గురువులని పూలదండలతో నర్చింతుము. మఱునాఁడు నూటి కెందఱు గట్టెక్కిరని మాత్రమే యడుగుదుము. ఒకనాఁడు దేవుఁడు, తక్కిన దినములు లెక్కల గుమాస్త. ఈ రెంటి నడుమ నలిగినవాఁడు నే నెవఁడ నని తన్నుఁ బ్రశ్నించుకొనుట వింత కాదు.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున నిట్టి ప్రశ్నమే యొక చక్కని రూపము దాల్చినది. గణదాసుఁడు, హరదత్తుఁడు నను నిద్దఱు నాట్యాచార్యులు తమలో నెవఁ డధికుఁ డని కలహించి రాజు కడకు వత్తురు. తీర్పరిగాఁ గౌశికి యను పరివ్రాజికను, అనఁగా నొక స్త్రీని, నిలుపుదురు. ఆమె యభిప్రాయ మిది: కొందఱికి విద్య తమయందు బాగుగ నిలుచును, కొందఱికి దానిని బరులకు సంక్రమింపఁజేయు నేర్పు మెండు, రెండును గలవాఁడే బోధకులలో మొదట నెన్నఁదగినవాఁడు. ఉద్యోగము కుదిరినది గదా యని వాదమునకు వెఱచి, కేవలము జీవికకై విద్య నుంచుకొనువాఁడు జ్ఞానము నమ్ము వర్తకుఁ డని గణదాసుఁడు చెప్పును. పిదపఁ బరీక్ష యెట్లు జరుగును? ప్రశ్నోత్తరములతోఁ గాదు. శిష్యురాలైన మాళవిక నాట్య మాడును. ఆ నాట్యమున గురువు కనఁబడును. బోధకుని స్వరూపము నడిగి తెలిసికొనుట కష్ట మనియుఁ, గళద్వారమునఁ జూడవలె ననియు మన పూర్వు లెఱిఁగిన విషయమే.

ఇఁకఁ బాశ్చాత్యుల మాట. చిరకాలము వారు ప్రశ్నపత్రములతో నధ్యాపకుల మనస్సును గొలిచిరి. మీ పని మీకుఁ దృప్తిగా నున్నదా? మిక్కిలి, కొంత, లేదు — వీనిలో నొకదానికి గుఱుతు పెట్టుఁడు. ఇట్టి పత్రములవలన నంకెలు వచ్చును గాని మనుష్యుఁడు రాఁడు. జవా బెవరి బల్లమీఁదికిఁ బోవునో యని శంకించి యనేకులు నడిమి గడిలో గుఱుతు పెట్టి లేచిపోదురు. కావునఁ గొందఱు పరిశోధకులు వేఱు త్రోవలు వెదకిరి.

మొదటిది చిత్రము. కెనడాదేశమున సాండ్రా వెబరు, క్లాడియా మిచెలు అను విదుషీమణు లిద్దఱు పిల్లలచేతను, బోధనశిక్షణ పొందుచున్నవారిచేతను, ఉపాధ్యాయులచేతను ఉపాధ్యాయుని బొమ్మలు గీయించి, యా విచారమును 1995లో గ్రంథముగాఁ బ్రకటించిరి. బొమ్మలలో మాటిమాటికిఁ గనఁబడినది నల్లబల్ల. దాని ముందు నిలిచి చూపుచున్న మనిషి. బోధన మార్పు చెందవలె నని నమ్మినవారు సైతము తఱచుగా నా పాతబొమ్మనే గీసిరి. నోరు క్రొత్తమాట చెప్పుచుండఁగాఁ జేయి పాతరూపమును వ్రాసె నన్నమాట. తాము చిన్ననాఁడు చూచిన పంతులమ్మ తమలోఁ దాఁగియున్నదని వా రెఱిఁగిన దా కాగితము మీఁదనే. తెలియని దానిని మార్చుకొన లేము. తెలిసిన పిమ్మట మార్చుకొనుటయో, యుంచుకొనుటయో మన వశము.

రెండవది కథ. ఆ దేశమువారే యగు మైకేలు కానెలీ, జీను క్లాండినిను అనువారు ఉపాధ్యాయుని వృత్తిస్వరూప మనఁగా నతఁడు తన్నుఁ గూర్చి చెప్పుకొనుచు బ్రతుకు కథయే యని సిద్ధాంతము చేసిరి. 1999లో వా రీ విషయముపై నొక గ్రంథము వెలువరించిరి. బడిచుట్టుఁ దిరుగు కథలు మూఁడు విధము లని వా రందురు. పైనుండి దిగివచ్చు నాజ్ఞలవంటి పవిత్రకథలు మొదటివి. తలుపు మూసిన తరగతిలో నిజముగా జరుగు రహస్యకథలు రెండవవి. వీనిని నమ్మినవారికిఁ దప్ప నుపాధ్యాయుఁడు చెప్పఁడు. పర్యవేక్షకులకు, సహోద్యోగులకు వినిపించుటకై, నేను సమర్థుఁడ నని తోఁచునట్లుగాఁ గప్పి చెప్పునవి మూఁడవవి.

సోదరీమణులారా, ఈ మూఁటిని జదివినప్పుడు నాకు మన యిండ్లే తలఁపునకు వచ్చినవి. పవిత్రకథ యుత్తరువుల రూపమునఁ గచ్చేరినుండి వచ్చును. కప్పిన కథ సిబ్బందిగదిలో వినఁబడును. రహస్యకథ యెక్కడఁ జెప్పఁబడును? వంటయింటి గడపకడ, రాత్రి భోజనమైన పిమ్మట. ఇంట వినువా రున్నచో నది వెలువడును. లేనిచో లోపలనే యుండి కొన్నాళ్లకు విసుగుగా, మఱి కొన్నాళ్లకుఁ గోపముగా మాఱును. ఇంటను గప్పిన కథయే చెప్పవలసివచ్చిన యధ్యాపకుని యవస్థ మిక్కిలి దయనీయము.

మూఁడవది చేతిపని. డెన్మార్కులోఁ బుట్టిన లెగో యను నాటవస్తువును మీ పిల్లలయొద్దఁ జూచియుందురు. ఒకదానిపై నొకటి గ్రుచ్చి యిండ్లు గట్టు ప్లాస్టికు ఇటుకలు. ఇంగ్లండునకుఁ జెందిన డేవిడు గాంట్లెటు అను పండితుఁడు పెద్దవారి కీ యిటుకల నిచ్చి, మీ స్వరూపమును మీ రిందులోఁ గట్టి చూపుఁ డని కోరెను. 2007లో వచ్చిన యతని గ్రంథ మీ ప్రయత్నమును వివరించును. ఇందలి కిటుకు చిన్నది. నీ వెవఁడ వని యడిగినతోడనే నోటికి వచ్చునది నలుగురు చెప్పు మాట. చేతులతో నొక వస్తువును గట్టుచుండఁగా మనస్సునకుఁ దీఱిక దొరకును. ఇది పైన నుండవలెనా, క్రింద నుండవలెనా, దీనికిని దానికిని వంతెన కలదా లేదా యని యోచింపక తప్పదు. కట్టి ముగించిన పిదప దాని యర్థమును గట్టినవాఁడే చెప్పవలెను, చూచినవారు చెప్పఁగూడదు. ఈ నియమమే యీ పద్ధతికిఁ బ్రాణము.

ఛాయాచిత్రములు తీయించుట, తొలినాఁటి తనకుఁ దానే యుత్తరము వ్రాసికొనుట, తాను చెప్పిన మాటలనే యేఱి పద్యమువలెఁ గూర్చుట మున్నగునవియు నీ కోవలోనివే.

ఇట్టివి దూరదేశపు వింత లని తలఁపవలదు. పద్ధతికిఁ బేరు లేకపోయినను, పని మన కడపలోఁ బూర్వమునుండియు నున్నది. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1820లోఁ గడపకు వచ్చెను. పిదప నిచ్చట బంగళా కొని, పండితులను జేర్చి, తాళపత్రగ్రంథములను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగువా రా కొలువున నుండిరి. ఇంటియరుగుపై శిష్యులకుఁ గావ్యము చెప్పుకొను పండితుఁడు, జీతమునకు దొరకడఁ బాఠభేదములు గుర్తించు నుద్యోగి యయ్యెను. వారు తమ్ముఁ దా మేమని తలఁచిరి? బ్రౌను తన సాహిత్యజీవితమును దానే వ్రాసి యచ్చు వేసికొనెను. 1852 నాఁటి యతని నిఘంటువు నేఁటికిని మన యండ్లలో నున్నది. 1865లో లండనులోఁ దెలుఁగున కాచార్యపదవియు నతనికి వచ్చెను. ఆ పండితుల కథ మాత్రము మనకుఁ జాలవఱకు వారిని గొలువున నుంచుకొన్నవాని వ్రాఁతలవలననే తెలియుచున్నది. తన కథను దాను చెప్పుకొననివాని కథను యజమాని చెప్పును. ఆ చెప్పినవాఁడు మంచివాఁడైనను, అది యజమాని చెప్పిన కథయే.

పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) ప్రొద్దుటూరునను, గడపలోను బడిపిల్లలకుఁ దెలుఁగు చెప్పిన పండితులు. బాల్యమున వ్రాసిన పెనుగొండలక్ష్మి విద్వాన్ పరీక్షకుఁ బాఠ్య మగుటయు, దానినే తాము పరీక్షకై చదువవలసివచ్చుటయు నీ సీమలో నెల్లరుఁ జెప్పుకొను ముచ్చట. 1972లోఁ బద్మశ్రీ వచ్చినది. గంట కొట్టఁగానే తరగతికిఁ బోవు పండితుఁడుగాను, శివతాండవము రచించిన కవిగాను వారు రెండు బ్రతుకులు బ్రతికిరి. ఆయన సహధర్మచారిణి కనకమ్మగారును గవయిత్రియే. బడిపంతులు జీతముతో సాగిన యా యింట రెండు కలము లుండె నన్నది మనము మఱవరాని సంగతి.

కేతు విశ్వనాథరెడ్డిగారు (1939–2023) కడపజిల్లా రంగశాయిపురమునఁ బుట్టి, యధ్యాపకులై, కడపజిల్లా యూళ్ల పేళ్లపైఁ బరిశోధన చేసి, కథలు వ్రాసి 1996లో సాహిత్య అకాడెమీ పురస్కార మందిరి. ఊరిపేరు వెనుక నేమున్నదో యని గ్రామములు వెదకిన పరిశోధకుఁడును, కఱవుసీమ మనుష్యుని గుండెలో నేమున్నదో యని కథలో వెదకిన రచయితయు నొక్కఁడే. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు (1926–2014) అధ్యాపకులుగాఁ బనిచేసినవారు. బ్రౌనుచరిత్ర వ్రాసి, శిథిలమైన యా బంగళా తావున గ్రంథాలయము నిలువవలె నని యింటింటికిఁ దిరిగి పుస్తకములు సేకరించిరి. ఆ గ్రంథాలయమే నేఁటి బ్రౌను భాషాపరిశోధనకేంద్రము. 2006లో నేర్పడిన యోగివేమన విశ్వవిద్యాలయమునకుఁ దరువాతఁ జేరినది. నే నెవఁడ నను ప్రశ్నకు నొకరు పద్యముతో, నొకరు కథతో, నొకరు కట్టడముతో జవాబు చెప్పిరి. ఉద్యోగపత్రములో వ్రాసినది వారి స్వరూపములోఁ గొలఁదిభాగమే.

అందఱుఁ గవులు కానక్కఱలేదు. గతసంవత్సరము సెలవులలో మా యింటివారిని, ఇంటిలోని వస్తువులలో మీ పనిని బోలిన దొకటి తీసి చూపుఁ డని యడిగితిని. వారు లెక్కలు చెప్పుదురు. కొంతసేపు వంటయిల్లంతయుఁ జూచి జల్లెడ తీసిరి. ఏడాదంతయుఁ బిల్లలను జల్లించి వీఁడు పైకి, వాఁడు క్రిందికి నని వేఱు చేయుటయే నా పని యయినది గదా యనిరి. మఱి మీ రేది కాఁగోరితి రని యడుగఁగాఁ బెరుగుగిన్నె చూపి, తోడు వంటిది కాఁగోరితి ననిరి. చెంచాఁడు తోడు కడవెఁడు పాలను మార్చును, తాను కనఁబడకపోవును. ఆ రాత్రి మేము మాటాడుకొన్నది జల్లెడకును దోడునకును నడుమనున్న దూరమును గూర్చియే. వచ్చిన జూనునుండి వారానికొకసారి మార్కులు లేని లెక్క నొకటి తరగతి కిచ్చి, పిల్లలచేతనే పరిష్కారములు నల్లబల్లపై వ్రాయించుచున్నారు. ఉత్తరువులు మాఱలేదు, జీతము మాఱలేదు. బుధవారము నాఁడు మాత్రము వారు త్వరగా బడికిఁ బోవుదురు.

నా స్నేహితురా లొక్కతె యొక కళాశాలలో నతిథి యధ్యాపిక. చెప్పిన గంటల లెక్కనే యామెకుఁ బ్రతిఫలము. వేసవిలో నది లేదు. అతిథి యను మాట మన యింటఁ బీట వేసి కూర్చుండఁబెట్టుటకు. అచ్చట నెప్పుడైనను బొమ్మనుటకు. ఆమెను బొమ్మ గీయుమంటిని. తరగతినిండఁ బిల్లలను, వారి నడుమఁ దన్నును నవ్వుమొగముతో గీసినది. ప్రక్కన సిబ్బందిగది గీసి, వరుసగాఁ గుర్చీలు వేసి, తలుపు వెలుపల నేలమీఁదఁ దన చేతిసంచి నుంచినది. సంచి యేల వెలుపల నున్నదని నే నడుగకమునుపే తానే చూచి, యాఱేండ్లనుండి నా సంచికిఁ జోటు లేదన్నమాట నాకే యిప్పుడు తెలిసిన దని కన్నీరు పెట్టుకొన్నది. అంతవఱకు నామె తనకు బోధన చేతకాదేమో యని క్రుంగుచుండెను. బొమ్మలోఁ దరగతిగది నిండుగా నున్నది. లోప మచ్చట లేదు. అవమాన మెచ్చటిదో తెలియఁగానే దానిని దన యయోగ్యతగా మోయుట మానినది. తనవంటివారు నలుగురితోఁ గలసి యడుగఁగా నొక బల్లయు, బీరువాలో నొక యఱయు దొరకినవి. జీతము సంగతి యట్లే యున్నది. బొమ్మ గీసినంత మాత్రమున నుద్యోగము స్థిరపడదు. ఆ పోరాటము వేఱు. కాని తన విలువ తనకుఁ దెలిసిన మనిషియే దానిని జేయఁగలదు.

ఇవి మన యింట జరుపుట కధికవ్యయము లేదు. కాగితమును, సీసపుగడ్డయు, నొక గంట తీఱికయుఁ జాలును. కాని కొన్ని కట్టుబాటులు తప్పరాదు. బొమ్మ బాగుగ లేదని నవ్వరాదు. దాని యర్థము మనము చెప్పరాదు. గీసినవారు చెప్పునంతవఱకు నోర్పుతో నుండవలెను. చెప్ప నిష్టము లేనిచో మడిచి పెట్టెలో నుంచుకొను స్వాతంత్ర్యము వారికి నుండవలెను. వారు చెప్పిన రహస్యకథను బేరంటమున వెళ్లఁబోసికొనరాదు. ఆ కథలో వచ్చు విద్యార్థి యొకరి బిడ్డ. ఆ బిడ్డ పేరు, గుఱుతు మన నోట రాఁగూడదు.

కళాశాలలవా రీ పద్ధతులను జేపట్టినపుడు మఱియొక జాగ్రత్త కావలెను. మాళవికాగ్నిమిత్రమున నాచార్యుల పోటీ వెనుక నొక పన్నాగ మున్నది. రాజునకు మాళవికను జూపింపవలె నని విదూషకుఁడు గల్పించిన కలహ మది. పాపము, ఆచార్యు లిద్దఱు నది తమ విద్యకు జరుగు పరీక్ష యనియే నమ్మిరి. అధ్యాపకులు నమ్మి గీసిన బొమ్మలను, జెప్పిన కథలను దీసికొని, యెవరి నుంచవలె, నెవరిఁ దీసివేయవలె నని లెక్కించు నధికారు లుండినచో నది యట్టి పన్నాగమే యగును. అప్పుడు మరల నందఱును గప్పిన కథలే చెప్పుదురు. పరిశోధన మధ్యాపకునికి నద్దము కావలెను గాని, యతనిపై నిఘా కారాదు.

మన సీమలోఁ గపిలబావులు నడిచిన కాలమును బెద్దలు చెప్పఁగా వినియుందురు. నీరు తోడుటకు ముం దెంత యూట యున్నదో చూచి, తోడిన పిదప బావికి నూరుటకుఁ దెఱపి యిచ్చెడివారఁట. తెఱపి యియ్యక తోడిన బావిలో బురద వచ్చును. అధ్యాపకుని విషయమునను మనము చేయఁగలిగిన దా తెఱపి నిచ్చుటయే. రాత్రి భోజనమైన పిదప నొక్కనాఁడు, పిల్లల మార్కుల ప్రసంగ మెత్తక, మీ పనిని బోలిన వస్తు విచ్చట నేదని యడిగి చూడుఁడు. మీరే యధ్యాపిక లైనచో మి మ్మడుగువా రింట లేకున్నను, మీ చేతిలోనికిఁ గాగితము మీరే తీసికొనుఁడు.